దిమ్మె లేని రబ్బరు ముద్రలను వాడకానికి సిద్ధం చేసుకోవడం: కత్తిరింపు, మెత్త, జిగురు గురించి సలహా కావాలి

కాగితపు_పడవ (పెరంబూరు, చెన్నై)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అమ్మాయి ఓణీల వేడుక ఉంది. ఆహ్వానపత్రికలు ప్రెస్సులో వేయించకుండా, 75 కార్డులను ఇంట్లోనే నా చేతితో చేయాలని నిర్ణయించుకున్నాను. మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ అన్‌మౌంటెడ్ రబ్బరు స్టాంపుల షీట్లు రెండు తెచ్చి ఇచ్చింది. చెక్క దిమ్మె గానీ, పిడి గానీ, అడుగున మెత్త గానీ లేని ఇటుకరంగు రబ్బరు పలకలవి. ఒక్కొక్క పలక మీద చిలుక, తామర, మామిడి పిందె, పూలతీగ వంటి బొమ్మలు పది దాకా ఉన్నాయి. వాటిని మనమే విడివిడిగా కత్తిరించుకోవాలి.

నిన్న తొందరపడి వంటింటి కత్తెరతో చిలుక బొమ్మను కత్తిరించి, రెండు వైపులా అంటుకునే టేపుతో అక్రిలిక్ ముక్కకు నేరుగా అతికించి ముద్ర వేశాను. ముక్కు, కన్ను, రెక్కల గీతలు చక్కగా పడ్డాయి కానీ తోక చివర అసలు పడలేదు. పైగా కుడి పక్కన బొమ్మలో లేని గీత ఒకటి పడింది. తోక పడాలని గట్టిగా అదిమితే తోక రాలేదు సరికదా, ఆ గీత మాత్రం మరింత ముదిరింది. మిగిలిన బొమ్మల మీద కత్తెర పెట్టడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సిరాచుక్క (అన్నానగర్)

ముందుగా కత్తెర మార్చండి. వంటింటి కత్తెర రబ్బరును కోయదు, నలుపుతుంది. మొన చిన్నదిగా, పదునుగా ఉండే చేతిపనుల కత్తెర ఒకటి రబ్బరు కోసమే విడిగా పెట్టుకోండి, దానితో కాగితం కత్తిరించకండి. ఆ అదనపు గీత రబ్బరు ఎక్కువగా వదిలేయడం వల్ల వచ్చిందే. బొమ్మ అంచుకు వీలైనంత దగ్గరగా కోసేయండి, గీత పోతుంది.

మైలాపూరు_మల్లి

సిరాచుక్క గారు కత్తెర గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను కానీ, "వీలైనంత దగ్గరగా" అన్న మాటతో ఏకీభవించలేను. బొమ్మ గీతను ఆనుకొని కోస్తే ఆ గీతకు కింద ఆధారం పోతుంది. రెండు మూడు నెలలు వాడేసరికి సన్నని గీతలు పక్కకు ఒరిగిపోయి, ముద్ర మందంగా, వంకరగా పడుతుంది. నా దగ్గర ఉన్న ఒక మల్లెపందిరి ముద్ర ఇలాగే పాడైంది. అది నేను ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ముద్ర. బొమ్మ చుట్టూ కనీసం ఒక మిల్లీమీటరు, కొత్తవారైతే రెండు మిల్లీమీటర్లు వదలడం మేలు.

ముద్రాక్షరం (ప్యారీస్ కార్నర్, చెన్నై)

అమ్మా కాగితపు పడవ గారూ, నేను హైకోర్టు సమీపంలో 30 ఏళ్లుగా స్టాంపులు తయారు చేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారు ఎక్కువగా వకీళ్లు, నోటరీలు, చిన్న కంపెనీలవారు. బొమ్మల ముద్రలు అరుదుగా చేస్తాను కానీ రబ్బరు స్వభావం ఎక్కడైనా ఒకటే కనుక నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీరు ఒక పరీక్ష చేయండి. ఆ చిలుకను అక్రిలిక్ ముక్క నుంచి మెల్లగా ఊడదీసి, కంటి ఎత్తులో పట్టుకొని, తోక ఉన్న వైపు పక్కనుంచి చూడండి. రబ్బరు పక్కగోడ పైనుంచి కిందికి నిటారుగా ఉందా, బయటికి వాలి ఉందా, లేక లోపలికి కోసుకుపోయి ఉందా? ఇది చూసి చెప్పండి. మిగిలింది ఆ తరువాత మాట్లాడుకుందాం.

కాగితపు_పడవ

అయ్యా, మీరు చెప్పినట్లే చూశాను. తోక చివర రబ్బరు లోపలికి కోసుకుపోయి ఉంది. పై భాగం వెడల్పుగా, అడుగు సన్నగా, చూరు ముందుకు వచ్చినట్లు కనిపిస్తోంది. ఎదురుగా కుడివైపు మాత్రం దాదాపు అయిదు మిల్లీమీటర్ల ఖాళీ రబ్బరు మిగిలిపోయింది.

ముద్రాక్షరం

అయితే రెండు దోషాలకూ కారణం మీ మాటలోనే ఉందమ్మా. తోక కింద ఆధారం లేదు. మీరు అదిమినప్పుడు ఆ చివర వెనక్కి, అక్రిలిక్ వైపుకు వంగిపోతుంది తప్ప కాగితం మీద బలం పెట్టలేదు. అటు కుడివైపు మిగిలిన ఖాళీ రబ్బరుకు సిరా అంటింది. మీరు గట్టిగా అదిమేసరికి అది కూడా కాగితాన్ని తాకింది. వీటికి తోడు, మీరు రబ్బరును గట్టి అక్రిలిక్ మీద, కాగితాన్ని గట్టి బల్ల మీద పెట్టారు. మధ్యలో ఎక్కడా మెత్తదనం లేదు. రబ్బరు పలక మందం అంతటా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండదు. ఆ కొద్ది తేడాను సర్దేది అడుగున ఉండే మెత్తే.

ఈ రబ్బరు ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని ఎలా సిద్ధం చేయాలో కూడా అర్థమవుతుంది. పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది సాగినా మళ్లీ తన ఆకారానికి వస్తుంది, ఎండకు జిగటగా మారదు. చార్లెస్ గుడ్‌ఇయర్ ఈ పద్ధతికి 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. దీన్నే వల్కనైజేషన్ అంటారు. బొమ్మను ముందుగా ఒక పలకగా చేసి, దాన్ని బేకలైటు (వేడికి గట్టిపడే రెసిన్) పూసిన అట్టలోకి ఒత్తి గుంటల అచ్చు తీస్తారు. ఆ అచ్చు మీద పచ్చి రబ్బరు పరచి, ప్రెస్సులో సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10 నిమిషాల దాకా ఒత్తి ఉంచుతారు. రబ్బరు అచ్చుకు అంటుకుపోకుండా ఉండాలని పొడి గానీ, ద్రవం గానీ పూస్తారు. ఆ పూత కొంత రబ్బరు మీదే మిగిలి ఉంటుంది. కొత్త రబ్బరుకు సిరా సమంగా పట్టకుండా చుక్కలు చుక్కలుగా విడిపోవడానికీ, వెనుక వైపు జిగురు సరిగా పట్టకపోవడానికీ ఎక్కువగా ఈ పూతే కారణం.

అందువల్ల కత్తెర పట్టే ముందు చేయవలసిన పని కడగడం. పలక మొత్తాన్ని గోరువెచ్చని నీటిలో, నాలుగు చుక్కల అంట్ల సబ్బు వేసి, మెత్తని పళ్ల బ్రష్షుతో రెండు వైపులా కడగండి. బొమ్మ వైపు ఎంత శ్రద్ధ పెడతారో వెనుక వైపు కూడా అంతే శ్రద్ధ పెట్టండి. కడిగాక పాత నూలు గుడ్డతో అద్ది, నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. బొమ్మ గీతల మధ్య నీటి బొట్టు మిగిలినా సిరా పలచబడుతుంది, వెనుక తడి మిగిలితే జిగురు ఊడుతుంది. మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒక రాత్రంతా ఆరనివ్వడం నా అలవాటు.

మైలాపూరు_మల్లి

ముద్రాక్షరం గారు కడగడం గురించి చెప్పారు కాబట్టి, దాని తరువాత, కత్తిరింపుకు ముందు నేను చేసే ఒక పని చెబుతాను. కొత్తగా నేర్చుకుంటున్నవారు దీన్ని వదిలేయకూడదని నా అభిప్రాయం. పలకను బొమ్మలు పైకి ఉండేలా బల్ల మీద పరచండి. ఇంకు ప్యాడును బోర్లించి, ఒక్కొక్క బొమ్మ మీద తట్టుతూ సిరా అద్దండి. రుద్దవద్దు, తట్టాలి. ఆ పైన తెల్ల కాగితం పరచి, కదలకుండా ఒక చేత్తో పట్టుకొని, రెండో చేతి వేళ్లతో అన్ని బొమ్మల మీదా మెల్లగా నిమరండి. కాగితం ఎత్తితే పలక మొత్తం ముద్ర మీ ముందుంటుంది. ఏ గీతలు బొమ్మలోవి, ఏవి కేవలం రబ్బరు అంచులు అన్నది కత్తిరించే ముందే తెలుస్తుంది. చిలుక రెక్క పక్కన ఉన్న చుక్క బొమ్మలో భాగమా, రబ్బరులోని మచ్చా అన్న అనుమానం కూడా అప్పుడే తీరిపోతుంది. ఆ కాగితాన్ని దాచుకుంటే అదే మీ జాబితా అవుతుంది.

పొగడపూలు (క్రోంపేట)

నాకు ఒక సందేహం ఉంది. నా దగ్గర గాజులా పారదర్శకంగా ఉండే స్టాంపులు ఉన్నాయి. వాటికి కూడా అడుగున మెత్త అతికించాలా?

మైలాపూరు_మల్లి

అక్కరలేదండీ పొగడపూలు గారూ. అవి ఫోటోపాలిమరు, అంటే కాంతితో గట్టిపరిచే ద్రవంతో చేసినవి. అక్రిలిక్ బ్లాకుకు వాటంతట అవే అంటుకుంటాయి. కొత్తవాటికి సిరా పట్టకపోతే తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో, బొమ్మ మీద మెల్లగా రుద్ది కడిగితే చాలు. ఎండలో ఉంచితే పసుపుపచ్చగా మారతాయి. సాల్వెంటు సిరాలు, అంటే నీటికి బదులు ఘాటైన ద్రావకంతో చేసే సిరాలు, వాటికి మరక పెడతాయి, కాబట్టి అటువంటి సిరాలను ఎర్ర రబ్బరుకే ఉంచుకోవడం మంచిది.

తాటాకు (తాంబరం)

మెత్త గురించి ముద్రాక్షరం గారు చెప్పిన మాట చదవగానే మా ఊరు గుర్తుకు వచ్చింది. మాది పెడన. మచిలీపట్నం పక్కన కలంకారీ అద్దకం జరిగే ఊరు. చిన్నప్పుడు మా వీధిలో అద్దకం పని చూస్తూ పెరిగాను. అక్కడ టేకు చెక్కతో చెక్కిన అచ్చు గట్టిగా ఉంటుంది, అందులో ఏ మెత్తదనమూ లేదు. అయితే గుడ్డ పరిచే బల్ల మీద గోనెపట్టాలు పొరలు పొరలుగా వేసి ఉంటాయి. అచ్చు పెట్టి అరచేతి మడమతో ఒక దెబ్బ వేస్తే, ఆ పొరలు కొద్దిగా అణిగి, గుడ్డ అచ్చులోని ప్రతి గీతనూ అందుకుంటుంది.

ఇక్కడ నేను గమనించినది ఏమిటంటే, మెత్తదనం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి, కానీ రెండు చోట్లా ఉండకూడదు. గాజులాంటి పాలిమరు స్టాంపుకు అడుగున మెత్త లేదు కాబట్టి కార్డు కింద పలుచని ఫోమ్ షీటు వేస్తాను. ఎర్ర రబ్బరుకు అడుగున మెత్త అతికించి ఉంటుంది కాబట్టి కార్డును గట్టి బల్ల మీదే పెడతాను. ఈ రెండూ కలిపి, మెత్త ఉన్న స్టాంపును మెత్త మీద పెట్టిన కార్డుకు అదిమితే, రబ్బరు అంచులు, గీతల మధ్యనున్న పల్లాలు కూడా కాగితాన్ని తాకుతాయి. మిస్టీ అనే స్టాంపు పొజిషనర్‌లో (స్టాంపును కదలకుండా ఒకేచోట పడేలా పట్టి ఉంచే పరికరంలో) కూడా ఇదే సూత్రం ఉంది. దానితో వచ్చే ఫోమ్ పట్టాను పాలిమరు స్టాంపులకు ఉంచుతారు, మెత్త అతికించిన ఎర్ర రబ్బరుకు తీసేస్తారు.

సిరాచుక్క

తాటాకు గారి వివరణ నాకు చాలా ఉపయోగపడింది. ఇన్నాళ్లూ మౌస్ ప్యాడు మీద కార్డు పెట్టి ఎర్ర రబ్బరు ముద్రలు వేస్తున్నాను. అంచులు పడుతున్నాయని రబ్బరును మరీ దగ్గరగా కోస్తూ వచ్చాను. దోషం కోతలో లేదు, బల్ల మీద ఉందని ఇప్పుడు తెలిసింది. మల్లి గారూ, మీరు చెప్పిన ఒక మిల్లీమీటరు మాటను అంగీకరిస్తున్నాను.

కాగితపు_పడవ

అందరికీ కృతజ్ఞతలు. రెండు పలకలనూ కడిగి, ఆరబెట్టి, మల్లి గారు చెప్పినట్లు కాగితం మీద నిమిరి ముద్ర తీశాను. నేను తామరకు కాడ అనుకున్నది నిజానికి రబ్బరు అంచు. కోసి ఉంటే దాన్ని కూడా ఉంచి కోసేదాన్ని.

ఇప్పుడు మెత్త కొనాలి. క్లింగ్ ఫోమ్ అని, ఒక వైపు జిగురు, మరో వైపు బ్లాకుకు అంటుకునే పొర ఉన్న షీట్లు ఆన్‌లైనులో చూశాను. అవి కాకుండా, ఆండర్సన్ వీధిలో దొరికే సాధారణ ఫోమ్ షీటుతో సరిపెట్టుకోవచ్చా? అలాగే చెడిపోయిన చిలుకను బాగుచేసే మార్గం ఏదైనా ఉందా?

మైలాపూరు_మల్లి

రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

క్లింగ్ ఫోమ్ కొనగలిగితే అదే ఉత్తమం. దాని జిగురు వైపు కాగితం పొర తీసి రబ్బరును శాశ్వతంగా అతికిస్తాం. రెండో వైపున్న నున్నని పొర జిగురు లేకుండానే అక్రిలిక్‌కు అంటుకుంటుంది, ఎన్నిసార్లైనా తీసి పెట్టవచ్చు. అది పట్టు తప్పితే మళ్లీ జిగురు పూయనక్కరలేదు, దుమ్ము పోయేలా సబ్బునీటితో కడిగి ఆరబెడితే చాలు. బ్లాకు మీద వేలి జిడ్డు ఉన్నా అంటుకోదు కనుక బ్లాకును కూడా కడగాలి.

అంత ఖర్చు వద్దనుకుంటే, రెండు మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ షీటు, అంటే పిల్లలు బడి ప్రాజెక్టులకు వాడే రంగుల షీటు, తీసుకోండి. రబ్బరును పలుచని డబుల్ టేపుతో దానికి అతికించండి. ఫోమ్ రెండో వైపు, మళ్లీ మళ్లీ అంటించి తీయగల జిగురును పలుచగా పూసి, పూర్తిగా ఆరాక బ్లాకుకు పెట్టండి. అలీన్స్ వారి టాక్ ఇట్ ఓవర్ అండ్ ఓవర్ అనే జిగురును చాలామంది ఇందుకే వాడతారు. తడిగా ఉండగా పెడితే శాశ్వతంగా అంటుకుపోతుంది, కాబట్టి తెల్లని పూత పారదర్శకంగా మారేదాకా ఆగాలి. గోడలకు వాడే మందపాటి ఫోమ్ టేపు మాత్రం వద్దు. అది మరీ మెత్తన, పైగా స్టాంపు అటూ ఇటూ ఊగుతుంది. చెప్పుల దుకాణంలో వాడే ఘాటు వాసన వచ్చే జిగురును కూడా రబ్బరుకు పూయకండి, అందులోని సాల్వెంటు రబ్బరును ఉబ్బిస్తుంది.

ఇక పని వరుస. పలక నుంచి బొమ్మలను చుట్టూ అయిదారు మిల్లీమీటర్లు వదిలి ముతకగా విడదీయండి. ఫోమ్ కాగితం పొర తీయకముందే దాని మీద ఈ ముక్కలను ఇటూ అటూ తిప్పి, వీలైనంత దగ్గర దగ్గరగా అమర్చి చూసుకోండి. ఫోమ్ ఖరీదైనది కాబట్టి ఈ పది నిమిషాలు వృథా కావు. తరువాత పొర తీసి, ఒక్కొక్క ముక్కను మధ్య భాగం ముందు తాకేలా కొద్దిగా వంచి దించి, మధ్య నుంచి అంచులకు వేళ్లతో అదమండి. లోపల గాలి బుడగ చిక్కితే అక్కడ బొమ్మ ఉబ్బి, ఆ చోట సిరా ఎక్కువగా పడుతుంది. అన్నీ అతికించాక పైన శుభ్రమైన కాగితం వేసి, లావుపాటి పుస్తకాలు రెండు పెట్టి రాత్రంతా వదిలేయండి.

మర్నాడు రబ్బరును, ఫోమ్‌ను కలిపి కోయండి. అసలు నైపుణ్యం ఇక్కడే కావాలి. కత్తెర పట్టిన చెయ్యి కదలకూడదు, రబ్బరు పట్టిన చెయ్యి తిరగాలి. మొనతో చిన్న చిన్న కోతలు కోస్తే అంచు రంపపు పళ్లలా వస్తుంది, కాబట్టి కత్తెర మధ్యభాగంతో పొడవైన కోత కోయండి. బొమ్మ మీకు కనిపించేలా పట్టుకొని, కత్తెర కింది అలుగు బొమ్మకు దూరంగా, బయటికి వాలేలా కొద్దిగా వంచండి. అప్పుడు అడుగు భాగం పై భాగం కన్నా ఒక వెంట్రుకవాసి వెడల్పుగా ఉంటుంది. కాగితపు పడవ గారి చిలుక తోక దగ్గర ఇదే తలకిందులైంది. చిలుక కాలికీ తోకకూ మధ్య ఉన్నటువంటి ఇరుకు మూలల్లోకి కత్తెర దూర్చవద్దు. ఆ మూలను కలిపేస్తూ సాఫీగా కోసి, మధ్య రబ్బరును అలాగే ఉంచండి. బొమ్మ గీతల కన్నా అది పల్లంలో ఉంటుంది కనుక, సిరా తట్టి అద్దితే దానికి అంటదు.

కోస్తున్నప్పుడు ఫోమ్ జిగురు అలుగులకు పట్టి కత్తెర ముడుచుకుపోతుంటే, దూదికి రెండు చుక్కల నీలగిరి తైలం అద్ది తుడవండి, జిగురు వదిలిపోతుంది. ఆ తరువాత పొడి గుడ్డతో మళ్లీ తుడిచాకే రబ్బరు ముట్టుకోండి. నూనె ఏదైనా రబ్బరుకు మంచిది కాదు.

చెడిపోయిన చిలుకకు మార్గం ఉంది. దాన్ని కోత అంచు వరకు కాకుండా, చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉండే ఫోమ్ ముక్కకు అతికించండి. ఫోమ్ రబ్బరు కన్నా కిందుగా ఉంటుంది కాబట్టి అది కాగితాన్ని తాకదు, తోక చివర వంగినా కింద ఆధారం దొరుకుతుంది. కుడివైపు మిగిలిన ఖాళీ రబ్బరును మాత్రం కోసేయండి.

ముద్రాక్షరం

మల్లి గారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతాను. మూలల లోపలి రబ్బరును బ్లేడుతో తీయాలని కొందరు ప్రయత్నిస్తారు. బ్లేడు జారితే పక్కనున్న గీత తెగుతుంది. తెగిన గీతను తిరిగి అతికించే ఉపాయం నా 30 ఏళ్ల అనుభవంలో నాకు దొరకలేదు.

వెన్నెలకుప్ప (పెరియమేడు)

శుభ్రం చేయడంలో నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి, మరొకరు చేయకుండా ఉంటారు. నల్లని సిరా ఆరిపోయి గీతల మధ్య గట్టిపడితే, ఒక దుకాణంలో పెయింట్ల థిన్నరులో నానబెట్టమని చెప్పారు. చెప్పిన మాట నమ్మి పదిహేను నిమిషాలు ఉంచాను. తీసేసరికి రబ్బరు ఉబ్బి, అంచులు దోనెలా పైకి లేచాయి. ఆరిన తరువాత కూడా మునుపటిలా చదును కాలేదు. అది మా నాన్నగారు నా పుస్తకాల కోసం చేయించి ఇచ్చిన పేరు ముద్ర. అటువంటిది మళ్లీ దొరకదు.

ముద్రాక్షరం

విని బాధ కలిగిందమ్మా. ఈ రబ్బరు పెట్రోలు, కిరోసిన్, థిన్నరు వంటివాటిని పీల్చుకొని ఉబ్బుతుంది. నీటితో కలిసే సిరాలకు తడి గుడ్డ చాలు. గీతల మధ్య చిక్కిన సిరాకు సబ్బునీటిలో ముంచిన మెత్తని పళ్ల బ్రష్షు వాడండి. శాశ్వత సిరాలకు ఆ సిరా తయారుచేసినవారే అమ్మే క్లీనరును గుడ్డకు అద్ది తుడవండి, నానబెట్టకండి. మెత్త అతికించిన స్టాంపునైతే దేనిలోనూ ముంచవద్దు. పక్కనుంచి నీరు చేరితే ఫోమ్‌కూ రబ్బరుకూ మధ్య జిగురు వదులవుతుంది.

మీ పేరు ముద్రతో ఇదివరకు వేసిన పుస్తకం ఒక్కటైనా ఉంటే, ఆ ముద్రను స్కాన్ చేసి అదే అక్షరాలతో కొత్తది చేయవచ్చు. నాన్నగారు ఇచ్చిన రబ్బరు కాకపోయినా, ఆయన ఎంచిన అక్షరాలు దక్కుతాయి.

వెన్నెలకుప్ప

అయ్యా, అలాంటి పుస్తకాలు మా ఇంట్లో చాలా ఉన్నాయి. ఈ వారమే వెతికి తీస్తాను. మీకు ధన్యవాదాలు.

తాటాకు

కాగితం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. సన్నని గీతలున్న బొమ్మలకు నున్నని కార్డు కావాలి. 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) బరువున్నది అయితే నిలబడుతుంది. పుదుచ్చేరి అరవిందాశ్రమం వారి చేతి కాగితం ఎంతో అందంగా ఉంటుంది కానీ, దాని గరుకు మీద సన్నని గీతలు విరిగిపోతాయి. నిండు ఆకారాలున్న మామిడి పిందె వంటివి మాత్రం దాని మీద నిండుగా కనిపిస్తాయి. నిగనిగలాడే కార్డు మీద పిగ్మెంటు సిరా (రంగు పొడి కలిపిన చిక్కని సిరా) ఈ తేమలో త్వరగా ఆరదు, తాకితే చెదిరిపోతుంది. అటువంటి కార్డులు ఎంచుకోకపోవడమే మంచిది.

పొగడపూలు

చెక్క దిమ్మెలకు అతికించిన పాత స్టాంపులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని ఊడదీసి క్లింగ్ ఫోమ్‌కు మార్చాలని ఉంది. మార్చవచ్చునా?

సిరాచుక్క

మార్చవచ్చు. హెయిర్ డ్రయ్యరు గాలి ఒకటి రెండు నిమిషాలు తగిలిస్తే జిగురు మెత్తబడుతుంది, ఒక మూల నుంచి తొందరపడకుండా లాగండి. అయితే రోజూ వాడే చిరునామా ముద్ర వంటివాటిని చెక్క మీదే ఉంచమని నా సలహా. పిడి పట్టుకొని వెంటనే ముద్ర వేసే సౌకర్యం బ్లాకుకు లేదు. చోటు ఎక్కువగా ఆక్రమించే పెద్ద బొమ్మలను మాత్రమే మార్చండి.

కాగితపు_పడవ

పది రోజుల తరువాత ఫలితం తెలియజేస్తున్నాను. రెండు పలకల్లోని బొమ్మలన్నీ సిద్ధమయ్యాయి. మొదటి నాలుగు కోతలు వంకరగా వచ్చాయి, అయిదోదైన తామర దగ్గర చేతికి పని తెలిసింది. కత్తెరను కదపకుండా రబ్బరును తిప్పుతుంటే, రేకు వంపు వెంబడి ఫోమ్ ఒక సన్నని తీగలా చుట్టుకుంటూ ఊడి రావడం చూసి చాలా సంతోషం కలిగింది. చిలుకను పెద్ద ఫోమ్ ముక్క మీదికి మార్చాను. ఇప్పుడు తోకలో ఉన్న మూడు ఈకలూ విడివిడిగా పడుతున్నాయి. గట్టిగా అదమవలసిన అవసరమే లేదు, బ్లాకును నిటారుగా దించి, ఊపకుండా అరచేతి బరువు పెట్టి ఎత్తితే చాలు.

తాటాకు గారి మాట విని కార్డు కింద ఏమీ వేయలేదు. 40 కార్డులు పూర్తయ్యాయి. వాటిలో మూడింటిని మాత్రమే పక్కన పెట్టవలసి వచ్చింది.

ముద్రాక్షరం గారికి ఒక విన్నపం. కార్డు తలభాగాన "శుభమస్తు" అన్న మాట తెలుగులో ముద్రించాలని ఉంది. బయట చూసిన ముద్రలన్నీ ఇంగ్లీషులోనో, తమిళంలోనో ఉన్నాయి. మీరు చేసి ఇవ్వగలరా?

మైలాపూరు_మల్లి

చిలుక తోక పడిందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. భద్రపరచడం గురించి కూడా ఒక మాట. లామినేషన్ చేసిన కాగితాలకు క్లింగ్ ఫోమ్ చక్కగా అంటుకుంటుంది. ప్రతి కాగితం మీద ముందు ఆ బొమ్మల ముద్రలు వేసి, లామినేషన్ చేయించి, ఏ ముద్ర మీద ఆ స్టాంపును అంటించి ఫైలులో పెట్టుకోండి. ఫైలును కిటికీ దగ్గర, కారులో మాత్రం ఉంచకండి. మే నెల ఎండ రబ్బరును గట్టిపరిచి పగలగొడుతుంది.

ముద్రాక్షరం

తప్పకుండా చేసి ఇస్తానమ్మా. తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. "స్తు"లో సకారానికీ దాని కింది తవత్తుకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. చిన్న సైజులో చేస్తే అక్కడ సిరా నిండి, అక్షరం ముద్దగా పడుతుంది. "భ" కింది గీతదీ అదే ఇబ్బంది. అందువల్ల ఒత్తులను కంప్యూటరులోనే ఒక పాలు కిందికి జరిపి, అక్షరాల మధ్య ఎడం పెంచి, మాట మొత్తం ఆరు సెంటీమీటర్ల పొడవు వచ్చేలా అమర్చాను. దాని నమూనాను కాగితం మీద తీసి పంపుతాను, చూసి సరే అనండి. పిడి లేకుండా, మెత్త లేకుండా, చుట్టూ అయిదు మిల్లీమీటర్లు వదిలిన రబ్బరుగానే ఇస్తాను. కడగడం, అతికించడం, కోయడం మీ చేతితోనే జరగాలి. గురువారం సాయంత్రం నాలుగు తరువాత వస్తే సిద్ధంగా ఉంటుంది.

కాగితపు_పడవ

గురువారం వస్తానయ్యా. మిగిలిన 35 కార్డుల మీద పైన ఏడు సెంటీమీటర్ల చోటు ఖాళీగా వదిలి, ఈ లోగా తామరలు మాత్రం వేసి ఉంచుతాను.